బుచ్చమ్మ గల్లీ కింద ఏముంది

కిషన్‌బాగ్‌లో మా గల్లీకి బోర్డు లేదు. "బర్రెల బుచ్చమ్మ గల్లీ" అని చెప్తే బహదూర్‌పురా చౌరస్తాలో ఏ ఆటో అతను అయినా ఇంకో మాట అడగకుండా తెచ్చి దింపుతాడు. ఆమె కొట్టానికి ఎదురిల్లు మాది. నేను బ్లౌజులు కుడతాను. మిషన్ కిటికీ పక్కనే ఉంటుంది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి బుచ్చమ్మ ఏం చేసినా నా కళ్ళ ముందే చేసింది, ఏం అన్నా నా చెవిన పడేటట్టే అన్నది. అందుకే ఆమె సంగతి నేను చెప్తున్నాను.

బుచ్చమ్మకు అరవై దాటాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. నాలుగు బర్రెలు. కొడుకు మహేందర్ ఫలక్‌నుమాలో ఒక వర్క్‌షాపులో పనిచేస్తాడు. కోడలు స్రవంతి ఇళ్ళకు పాలు పోసి వస్తుంది. కొట్టం దగ్గరికే వచ్చి పాలు పోయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ముందు బుచ్చమ్మ ఖాళీ బకెట్టును బోర్లించి, రెండుసార్లు తట్టి చూపించి, ఆ తర్వాతే పిండడానికి కూర్చుంటుంది. చూడకుండా ఎవరైనా ఫోను నొక్కుకుంటూ ఉంటే పిండదు.

"సూడు, సూడు. మల్ల ఇంటికి పోయి నీళ్ళు కలిపింది బుచ్చమ్మ అంటవు."

తను లోకాన్నంతా అనుమానిస్తుంది కాబట్టి, లోకానికి తనను అనుమానించే సందు ఇవ్వకూడదని ఆమె పంతం.

ఇంటికి ఏ కాగితం వచ్చినా ముగ్గురితో చదివించుకుంటుంది. మొదట నాతో. నేను ఏడో తరగతి దాకా చదివాను. తర్వాత, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన బాబురావు సార్‌తో. చివరికి చివరింటి పూజితతో, ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది. ఒకరు ఏం చదివారో ఇంకొకరికి చెప్పదు. ముగ్గురం ఒకే మాట చదివితే తృప్తి పడుతుందా అంటే అదీ లేదు. "ముగ్గురు గలిసి మాట్లాడుకున్నరా ఏంది?" అంటుంది.

ఆమె ఇలా కావడానికి కారణం ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట ముందున్న రోడ్డు వెడల్పు చేస్తామని ఒక సర్వే ఆయన వచ్చాడు. మంచి మాటలు మాట్లాడే మనిషి, ఏం ఫికర్ లేదు, భయపడొద్దు అన్నాడు. బుచ్చమ్మ భర్త గుండయ్య కాక అప్పుడు బతికే ఉన్నాడు. ఆయన సర్వే ఆయనను మంచం మీద కూర్చోబెట్టి, చిక్కటి పాలతో టీ పెట్టించి, కొట్టం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో, పాత గోడ ఎక్కడ ఉండేదో, అన్నీ తనే నడిచి చూపించాడు. వారం తిరగకముందే సరిగ్గా ఆయన చూపించిన మూల దగ్గరే ఎర్ర గీత పడింది. సగం కొట్టం పోయింది. ఏడు బర్రెలు ఉండేవి, జాగా లేక మూడు అమ్మేశారు. గుండయ్య కాక ఆ తర్వాత గల్లీలోకి కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా లోపలికి వెళ్ళిపోయేవాడు. ఆయన పోయి ఐదేళ్ళవుతోంది.

ఇక మొన్నటి సంగతి.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక అమ్మాయి మెడలో కార్డు, చేతిలో అట్టతో మా గల్లీలోకి వచ్చింది. పేరు సుజన. బహదూర్‌పురా చర్చి వెనకాల వాళ్ళ ఇల్లని తర్వాత తెలిసింది. నేరుగా బుచ్చమ్మ దగ్గరికే వచ్చింది.

"నమస్తే ఆంటీ. మేం గ్యాస్ కంపెనీ నుంచి. మీ బస్తీకి పైపులైన్‌లో వంట గ్యాస్ వస్తుంది. దాని గురించి మీతో మాట్లాడదామని వచ్చాను."

"మాట్లాడమని నిన్ను ఎవరు పంపిండ్రు?"

"కంపెనీ, ఆంటీ. నా ఉద్యోగమే అది. బస్తీ వాళ్ళతో మాట్లాడడం."

బుచ్చమ్మ నా కిటికీ వైపు తిరిగింది. "ఇన్నవా స్వరూపా? మాట్లాడుడు ఒక కొలువంట. మనం గిన్నేండ్ల సంది ఉత్తగనే మాట్లాడుతున్నం."

సుజన నవ్వింది. బుచ్చమ్మ నవ్వలేదు. కూర్చోమన్నది, టీ ఇచ్చింది. నల్ల టీ. నాలుగు బర్రెల ఇంట్లో పాలు లేని టీ తాగిన మనిషి నాకు తెలిసి ఆ పిల్ల ఒక్కతే. పాపం, చివరి చుక్క దాకా తాగింది.

"సిలిండర్ బరువు మోసేది ఉండదు ఆంటీ. అయిపోయిందన్న భయం ఉండదు."

"సిలిండర్ అయితే ఊపి సూస్తే ఎంతున్నదో ఎర్కయితది. పైపును ఏం ఊపాలె?"

"మీటరు ఉంటుంది."

"ఆ, మీటరు. మీటరు మీ దిక్కు మాట్లాడుతది గని నా దిక్కు మాట్లాడుతదా?"

అప్పుడు సుజన అట్ట మీద కాగితం తిప్పి, అసలు సంగతి అడిగింది. "ఆంటీ, ఈ గల్లీ కింద ఏమేం పైపులు ఉన్నాయో మీకు తెలుసా? నల్లా పైపులు, మురుగు నీళ్ళ మోరీలు, కేబుళ్ళు? ఆఫీసుల్లో పాత లెక్కలు సరిగ్గా లేవు. పాతవాళ్ళు చెప్తేనే మాకు తెలుస్తుంది."

బుచ్చమ్మ మొహం మారడం నేను చూశాను. గడ్డి మోపు మీద నుంచి లేచి నిలబడింది.

"మన్ను ఉంటది. భూమి కింద ఇంకేముంటది?"

నిజానికి మా గల్లీ కింద లేనిది లేదు. బాబురావు సార్ ఎవరికీ చెప్పకుండా వేయించుకున్న రెండో నల్లా పైపు ఉంది. గల్లీ మొదట్లో గ్రిల్స్ వెల్డింగ్ చేసే గౌస్ భాయ్ దుకాణానికి లాక్కున్న పైపు ఉంది. దాచడం ఎందుకు, మా ఇంటి పైపూ ఉంది. అన్నింటికంటే పెద్దది బుచ్చమ్మది. కొట్టం కడిగిన పెండ నీళ్ళు గల్లీని అడ్డంగా దాటి, అవతలి నాలాలోకి పోయేటట్టు గుండయ్య కాక వేసిన సిమెంటు పైపు. దానికి ఏ పర్మిషనూ లేదు. ఇళ్ళ మధ్య బర్రెల కొట్టం ఉండడమే ఎందరికో కంట్లో నలుసు. ఆ పైపు సంగతి కాగితం మీదికి ఎక్కిందంటే, పైపుతో ఆగదు, మిగిలిన సగం కొట్టం కూడా పోతుంది. బుచ్చమ్మ భయమంతా అదే.

ఆ సాయంత్రం బాబురావు సార్ అరుగు మీద అందరం చేరాం.

"కింద ఏమున్నదో వాళ్ళకెందుకు?" బాబురావు సార్ గొంతు తగ్గించి అన్నాడు. "గ్యాస్ పేరు చెప్పి దొంగ నల్లాలు పట్టుకునే ప్లాన్ ఇది. నేను డిపోల ముప్ఫయ్యేండ్లు చేసిన, సర్కారు దిమాక్ నాకు తెల్వదా?"

"అది సర్కారు కాదు కదా సార్, కంపెనీ" అన్నాను.

"కంపెనీ ఎవరిది? అన్నీ ఒక్కటే."

గౌస్ భాయ్ తేల్చేశాడు. "అరే, ఇంత పరేషానీ ఎందుకు? సబ్ మిల్‌కే ఏక్ బాత్ బోల్‌దేంగే, అందరం ఒక్కటే మాట చెప్దాం. కుచ్ నై హై నీచే. ఏం లేదు. బాత్ ఖతం."

"ఎవ్వరన్న నోరు జారితే?" బుచ్చమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. నా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. "ఇగో స్వరూపా, నీకు మంచిగ మాట్లాడేటోళ్ళను సూస్తే మెత్తగ అయితది. జెర జాగ్రత్త."

కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెట్టారు. ఉస్మానియా బిస్కెట్లు, టీ, పసుపు టోపీల ఇంజనీర్లు. గల్లీకో కాగితం పంచారు. మేమంతా "ఏమీ లేదు" అని రాయించాం. పక్క గల్లీవాళ్ళు పిచ్చోళ్ళలా అన్నీ చెప్పుకుంటున్నారని నవ్వుకున్నాం కూడా. వచ్చినవాళ్ళ పట్టికలో సంతకం పెట్టమంటే బుచ్చమ్మ పెట్టలేదు.

"వచ్చినట్టు సంతకం ఎందుకు? కండ్ల ముంగట కూసున్న. కనవడతలేనా?"

"ఫికర్ చేయకండి ఆంటీ, ఊరికే హాజరు కోసం" అంది సుజన.

"ఏం ఫికర్ లేదన్నోని మాట మీదనే సగం కొట్టం పోయింది నాది."

నెలన్నర తర్వాత మళ్ళీ టీ, బిస్కెట్లతో పిలిచి, హాలు గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మా బస్తీ అంతా గీసిన నక్షా. పక్క గల్లీలలో నీలం గీతలు, ఎర్ర గీతలు, గోధుమరంగు గీతలు, పిల్లలు పెన్సిళ్ళతో గీకినట్టు ఉన్నాయి. మా గల్లీ మాత్రం ఉతికి ఆరేసిన ధోతీలా తెల్లగా ఉంది. ఆ తెలుపు మధ్యలో, ఈ చివర నుంచి ఆ చివర దాకా, లావుపాటి పసుపు గీత ఒకటి.

"ఈ పచ్చగ గీసింది ఏంది?" బుచ్చమ్మ అడిగింది.

సుజన సంతోషంగా చెప్పింది. "మెయిన్ లైన్ ఆంటీ. మిగతా గల్లీల్లో కింద చాలా పైపులు ఉన్నాయి, చేత్తో తవ్వుకుంటూ పోవాలి, చాలా రోజులు పడుతుంది. మీ గల్లీలో ఏమీ లేదు కదా. అందుకే పెద్ద పైపు మీ గల్లీ నుంచే. రెండు చివర్లా గుంట తీసి, మధ్యలో భూమి లోపల నుంచే మెషీన్‌తో రంధ్రం చేసేస్తారు. ఒక్క రోజు పని. మీకు ఏ ఇబ్బందీ ఉండదు."

గౌస్ భాయ్ నోట్లో బిస్కెట్ అలాగే ఉంది. మేం ఏమీ లేదన్నందుకే అన్నింటికంటే పెద్ద పైపు మా నెత్తిన పడింది.

తిరిగి వస్తూ బుచ్చమ్మ నాతో మెల్లగా అంది. "స్వరూపా, నా మోరి ఒక్కటే తెగుతే నేనే ఏడుస్త. గని అది ఒక్కటే తెగదు."

గల్లీలో ప్రతి తవ్వకం ఆమె కొట్టం ముందే జరిగింది కాబట్టి ఏ పైపు ఎంత లోతులో ఉందో ఆమెకు తెలుసు. కొన్ని సంగతులు బర్రెలు చెప్పాయి. ఎండాకాలం కడగడానికి బయటికి తోలితే, పెద్ద బర్రె గల్లీలో ఒకే ఒక్క చోట పడుకుంటుంది. ఎన్నిసార్లు లేపినా మళ్ళీ అక్కడికే వస్తుంది. ఆ చోట కింద నల్లా పైపు కారుతోందని, మన్ను చల్లగా ఉంటుందని బుచ్చమ్మ ఏళ్ళ కిందటే పసిగట్టింది. సరిగ్గా అక్కడే, జానెడు కింద నుంచి ఆమె పెండ మోరి దాటుతుంది. ఆ నల్లా నీళ్ళే మా ఇరవై రెండు ఇళ్ళు తాగేవి. మెషీన్ వచ్చి రెండింటినీ ఒకేసారి చీల్చిందంటే, పెండ నీళ్ళు మా బిందెల్లోకి వస్తాయి.

చెప్తే కొట్టం పోతుంది. చెప్పకపోతే ఇరవై రెండు ఇళ్ళ నీళ్ళు పోతాయి.

ముందు వేరేవాళ్ళతో చెప్పించాలని చూసింది. అది కూడా ఆమె పద్ధతే.

"బాబురావన్నా, నీ రెండో నల్లా సంగతి నువ్వే చెప్పు. నువ్వు చదువుకున్నోనివి. నీ మాట వింటరు. నీది తవ్వితే మిగిలినయ్ వాటంతట అవే కనవడతయ్."

"నా నల్లా ఎక్కడ్ది? నాకు ఒక్కటే నల్లా."

"నేను మన్ను ఎత్తిపోసిన కదా నీ రెండో నల్లాకు!"

"నీకు యాది తప్పింది బుచ్చమ్మా."

గౌస్ భాయ్ దగ్గరికి పోతే, ఆయనా ఒప్పుకోలేదు. "ఆపా, నేను చెప్తే నా దుకాణం బంద్. నువ్వు చెప్పు. బర్రెలను చూసి ఎవరికైనా రహమ్, జాలి వస్తుంది. వెల్డింగ్ మిషన్‌ను చూస్తే ఎవరికి వస్తుంది?"

నా దగ్గరికీ వచ్చింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, సిగ్గుపడే పనే చేశాను.

మరోసారి సుజన వచ్చినప్పుడు బుచ్చమ్మ వేరే దారి పట్టింది.

"పిల్లా, ఊకెనే అడుగుతున్న. ఎక్కడనో ఒక గల్లీల, ఎవ్వరిదో ఒక మోరి ఉందనుకో. మీ మిషనుకు తగిలితే?"

సుజన ఆమె మొహం చూసింది. "ముందే మా కాగితంలో రాస్తే, దాన్ని తప్పించి పోతాం. దెబ్బ తగిలితే మేమే బాగు చేసి ఇస్తాం. రాయకపోతే మాకు సంబంధం లేదు."

"రాయాలంటే పేరు గావాల్నా?"

"కావాలి."

"గా పేరు ఎక్కడికి పోతది?"

"మా ఆఫీసుకు."

"ఆడికెంచి ఎక్కడికి?"

సుజన అట్ట మీది కాగితాలను ఒకటికి రెండుసార్లు సర్దుకుంది. తర్వాత, "ఎక్కడికీ పోదు ఆంటీ. ఏం ఫికర్ లేదు" అంది.

ఆ పిల్ల వెళ్ళాక బుచ్చమ్మ నాతో అంది. "సూసినవా? ఫికర్ లేదనేటందుకు జెరసేపు ఆలోచన చేసింది."

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చింది. బాగా పాలిచ్చే రెండు బర్రెలను ఎక్కించి, శివరాంపల్లిలో ఉన్న చెల్లెలి ఇంటికి పంపింది బుచ్చమ్మ. గల్లీ అంతా గుసగుసలు. ఆమెకేదో ముందే తెలిసిందన్నారు కొందరు. కంపెనీవాళ్ళతో కుమ్మక్కయిందని కూడా అన్నారు. స్రవంతికి ఏడుపొచ్చింది.

"అత్తమ్మా, పాలు సరిపోవు. ఇళ్ళల్ల ఏం చెప్పాలె నేను?"

"బర్లు ఎండలకు పరేషాన్ అయినయ్ అని చెప్పు."

"నిజంగ ఎందుకు పంపిన్రు?"

"రెండు ఆడ ఉంటే, ఈడ ఏమయిన రెండు మిగులుతయ్. ఇగ నన్ను అడగకు."

మెషీన్ సోమవారం వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి గల్లీ మొదట్లో గుంట పక్కన దాన్ని నిలబెట్టారు. ఇంజనీరు సీతారాం గారు, మెషీన్ నడిపే బయటి రాష్ట్రం అబ్బాయి, నలుగురు కూలీలు, సుజన. మేమంతా గుమ్మాలలో నిలబడ్డాం.

బుచ్చమ్మ కొట్టం తలుపు తీసి పెద్ద బర్రెను బయటికి తోలింది. అది నిదానంగా నడిచొచ్చి, మెషీన్ రంధ్రం చేసుకుంటూ రావలసిన దారి మీద, ఎప్పుడూ పడుకునే చోట మోకాళ్ళు మడిచి కూలబడింది.

"అమ్మా, భైంస్ హటావో!" మెషీన్ అబ్బాయి అరిచాడు.

"నేను ఎందుకు లేపాలె? నువ్వే లేపు."

అతను వచ్చి తోక పట్టుకుని లాగాడు. అది చెవి కూడా ఆడించలేదు. కూలీలు నవ్వారు. సీతారాం గారు గడియారం చూసుకుని విసుక్కున్నారు.

"ఏమ్మా, పని ఆపడానికా ఇది? బర్రె పైన పడుకుంటే మాకేం, మెషీన్ కింద నుంచి పోతుంది."

"గందుకే పండవెట్టిన సారూ" అంది బుచ్చమ్మ. బర్రె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. "అది పండిన జాగల మీ మిషను పెట్టకుండ్రి. కింద నల్లా పైపు ఉంది, కారుతుంది. దానికి జానెడు కింద నా కొట్టం మోరి ఉంది. నా మొగడు ఏసిండు, నేను మన్ను ఎత్తిన. రెండూ ఒక్కసారి తెగుతే గీ గల్లీ మొత్తం పెండ నీళ్ళే తాగాలె."

సీతారాం గారు నక్షా తెరిచి చూశారు. "ఇందులో ఏమీ లేదే."

"లేదని మేమే రాయించినం."

సుజన మెషీన్ అబ్బాయి దగ్గరికి వెళ్ళి ఇంజిన్ బంద్ చేయించింది. ఆ తర్వాత అట్ట తీసుకుని వచ్చి బుచ్చమ్మ పక్కన నిలబడింది. "ఇంకా ఏమున్నాయమ్మా?"

బుచ్చమ్మ బాబురావు సార్ వైపు చూసింది. ఆయన గోడ మీద బల్లిని చూస్తున్నాడు. నేను ఇక ఆగలేకపోయాను.

"మా పైపు కూడా ఉంది. మా గుమ్మం నుంచి నేరుగా" అన్నాను.

"ఉంటే ఉంది, మేరా భీ లిఖో, నాది కూడా రాయండి" అన్నాడు గౌస్ భాయ్, చేతులు పైకెత్తి. "బాబురావు సార్, మీది చెప్తారా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్తా, నువ్వు నోరు ముయ్యి" అంటూ బాబురావు సార్ మెట్లు దిగాడు. అరగంటలో నక్షాలో మా గల్లీ కూడా పక్క గల్లీల్లాగే అయ్యింది.

ఆ రోజు మెషీన్ వెనక్కి పోయింది. చేత్తో తవ్వారు. బర్రె లేచిన చోట నడుం లోతు వెళ్ళగానే చూశాం. నల్లా పైపు అతుకు దగ్గర నీళ్ళు సన్నగా కారుతున్నాయి. కింద సిమెంటు పైపు ఎప్పుడో పగిలి ఉంది. మధ్యలో మన్నంతా నల్లగా, పెండ వాసన.

గల్లీకి ఒక్కసారిగా కోపం వచ్చింది. అందరికంటే ముందు బాబురావు సార్‌కే. "అంటే గిన్ని దినాలు నువ్వు మాకు గీ నీళ్ళు తాగిపిచ్చినవా? మొన్న నా కడుపు చెడింది గిందుకేనా?"

"నేను తాగలేనా? నా మన్మడు తాగలేదా?" బుచ్చమ్మ గుంట అంచున నిలబడి అంది. "నువ్వు రెండో నల్లా గుంజినంకనే నీళ్ళ జోరు తగ్గింది. జోరు తగ్గినంకనే నీళ్ళ రంగు మారింది. నీది కూడ మన్ను తీసి సూద్దామా?"

సార్ తన అరుగు వైపు నడిచాడు. అందరి తప్పూ ఇంత ఇంత ఉంది అందులో.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మోరి బాగు చేసి, పక్కకు జరిపి ఇవ్వాలంటే అది ఎవరిదో రాసి సంతకం పెట్టాలన్నారు సీతారాం గారు. మహేందర్ పని మానేసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, సంతకం పెట్టకు. గల్లీ అందరిదని రాయించు. నీ పేరు ఎక్కితే కొట్టం మీదికి వస్తరు."

సుజన గొంతు తగ్గించి అంది. "కావాలంటే ఎవరిదో తెలియదని రాస్తానమ్మా. నేను సార్‌తో మాట్లాడతాను."

బుచ్చమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. "ఎందుకు? నీకేం లాభం?"

"లాభం ఏముంటుంది..."

"తెల్వదని రాస్తే, రేపు మల్ల పగిలినంక బుచ్చమ్మ ఎవరో తెల్వదంటరు. గప్పుడు పెండ నీళ్ళు ఎవరి ఇంట్లకు పోతయ్? నా పేరే రాయి."

కాగితం నాతో చదివించింది. బాబురావు సార్‌తో చదివించింది. కాలేజీ నుంచి పూజిత వచ్చేదాకా సీతారాం గారిని ఎండలో నిలబెట్టి, ఆ పిల్లతోనూ చదివించింది. అప్పుడు మూడు వేళ్ళతో పెన్ను పట్టుకుని, ఒక్కొక్క అక్షరం బర్రెకు మేత వేసినంత నిదానంగా, తన పేరు రాసింది.

మోరి జరిపారు. ఈసారి సిమెంటు పైపు కాకుండా గట్టి ప్లాస్టిక్ పైపు వేసి, బస్తీ మోరిలో కలిపారు. నల్లా పైపుకు నీళ్ళ ఆఫీసువాళ్ళు వచ్చి అతుకు వేశారు. మా దొంగ పైపులన్నీ కోసేశారు. ఆ తర్వాత పసుపు గీత వెంబడి గ్యాస్ పైపు దించారు. బాబురావు సార్ ఇప్పుడు ఒక్క నల్లాతోనే స్నానం చేస్తున్నాడు. నేనూ బిందె పట్టుకుని వంతు కోసం నిలబడుతున్నాను. పని జరిగినన్ని రోజులూ బుచ్చమ్మ గుంట పక్కన మంచం వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే.

వానలు మొదలైన తర్వాత సుజన మళ్ళీ వచ్చింది. చేతిలో కొత్త కాగితం.

"మేం మీతో వ్యవహరించిన తీరు మీద మీ అభిప్రాయం కావాలమ్మా. ఒకటి నుంచి ఐదు దాకా. ఐదంటే చాలా బాగుంది."

"ఇది ఎవరు సూస్తరు?"

"మా పైవాళ్ళు."

"ఐదు రాస్తే కుష్ అయ్యి మల్ల వస్తరు. ఒకటి రాస్తే ఎందుకని అడగనీకె వస్తరు. మూడు రాయి. మూడుకు ఎవ్వరు రారు."

సుజన మూడు రాసుకుంది. లేవబోతుంటే బుచ్చమ్మ ఆపింది.

"ఒక్కటి అడుగుత, ఖుల్లా చెప్పు. నా కొట్టం సంగతి ఎవరన్న రాసుకున్నరా?"

సుజన మళ్ళీ కూర్చుంది. "మోరి అని రాశాను. కొట్టం అని నేను రాయలేదు. కానీ ఆ కాగితం ఎవరెవరి చేతుల్లోకి పోయిందో నాకు తెలియదమ్మా. ఎవరూ రారని నేను చెప్పలేను."

"మొన్నటిదాకా ఏం ఫికర్ లేదన్నవు."

"అన్నాను. అలా అనమని మాకు నేర్పించారు."

పిల్ల గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు బుచ్చమ్మ ట్రాలీ ఆటో మాట్లాడుకుని శివరాంపల్లికి పోయింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. వెనక ఒక్క బర్రె మాత్రమే ఉంది. నేను కిటికీలోంచి తల బయట పెట్టాను.

"ఇంకోటేది చిన్నమ్మా?"

"ఆడనే ఉంది."

"ఏది తెచ్చినవు? పాలు బాగ ఇచ్చేదాన్నా?"

"రెంట్ల పాలు తక్కువిచ్చేదాన్ని" అంది బుచ్చమ్మ, బర్రెను కొట్టంలోకి తోలుతూ. "నడువవే, నడువు. ఇంకొన్ని దినాలు సూద్దాం."